మూడోసారికి ముందు

నేను పనిచేసిన ఆసుపత్రిలో నా అసలు పేరు జీతాలు రాసే గుమాస్తాకు తప్ప ఎవరికీ తెలియదు. రోగులకు, వాళ్ల చుట్టాలకు, చివరికి క్యాంటీన్‌లో చాయ్ పోసే ఆయనకు కూడా నేను ‘గాలి మేడం’ని. గది బయట బోర్డు మీద రెస్పిరేటరీ థెరపిస్ట్ అని ఉండేది. అది పలకడానికే సగం ఊపిరి ఖర్చవుతుంది కాబట్టి జనం తమకు వీలైన పేరు పెట్టుకున్నారు. మొదట్లో ఒళ్లు మండేది. గాలి మాటలు, గాలి తిరుగుళ్లు, గాలి సోకడం... మన భాషలో గాలికి మంచి పేరు తక్కువ. పోనుపోను అలవాటైంది. ఇప్పుడు రిటైరయ్యాక ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే, ఎవరినో అనుకుని నేనే వెనక్కి తిరిగి చూస్తున్నాను.

ఈమధ్య పూడూరు నుంచి, కుల్కచర్ల నుంచి ఇంటర్‌లో బైపీసీ చదివి డాక్టరు సీటు అందని పిల్లలు నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. ఈ కోర్సు చదవొచ్చా, ఉద్యోగం దొరుకుతుందా, నైట్ డ్యూటీలు ఉంటాయా అని అడుగుతారు. చదవొచ్చు, దొరుకుతుంది, ఉంటాయి అని వరసగా చెప్పి పంపిస్తాను. మొన్న ఒక పిల్ల మాత్రం ఇంకో ప్రశ్న వేసింది. ఈ పనికి అన్నిటికన్నా ముఖ్యంగా ఏం కావాలి మేడం అంది. మిషన్లు తెలియాలి అనబోయి ఆగి, చెవులు కావాలి అన్నాను. స్టెతస్కోపు గురించి అనుకుందేమో, బుద్ధిగా తలూపింది. నేను చెప్పింది దాని గురించి కాదు. కానీ అది విడమరచి చెప్పాలంటే ఒక మనిషి కథ మొత్తం చెప్పాలి, ఆ పిల్లకేమో బస్సు టైమైంది. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా పని గురించి రెండు మాటలు. సొంతంగా ఊపిరి తీసుకోలేని మనిషికి వెంటిలేటర్ అనే మిషన్ ఊపిరి పోస్తుంది. దాని మీద పెట్టడం ఒక ఎత్తు, మళ్లీ దాన్నుంచి విడిపించడం పది ఎత్తులు. బిడ్డకు పాలు మాన్పించిన తల్లులను అడగండి, చెప్తారు. మొండితనం ఉంటుంది, ఏడుపు ఉంటుంది, ఒకరోజు గెలిచామనుకుంటే మర్నాటికి మళ్లీ మొదటికొస్తుంది. కాసేపు మిషన్ తీసి, మనిషి తనంతట తాను ఎంతసేపు నెట్టుకొస్తాడో పక్కనే నిలబడి చూస్తాం. రొప్పితే, చెమటలు పడితే, గుండె దడదడలాడితే మళ్లీ తగిలిస్తాం. రోజూ ఇదే పని. బయటివాళ్లకు ఇందులో చూడటానికి ఏమీ ఉండదు. ఊరికే నిలబడి జీతం తీసుకుంటున్నదని మా ఆడపడుచు చాలా ఏళ్లు నమ్మింది.

మా ఇల్లు తాండూరు, ఆసుపత్రి వికారాబాద్. పొద్దున రైలెక్కి పోవడం, సాయంత్రం రైల్లో తిరిగి రావడం. నా కొలువు చివరి ఏడాది, చలి మొదలవుతున్న రోజుల్లో ఆయన వచ్చాడు. తాండూరు మనిషే, కానీ నాకు ముఖపరిచయం లేదు. యాభై దాటి ఉండడు, పొట్టివాడు, వెడల్పాటి ఛాతీ. నరాల జబ్బు. కాళ్లల్లో తిమ్మిరిగా మొదలై, నడుముకు పాకి, చేతులకు పాకి, చివరికి ఊపిరి ఆడించే కండరాలను కూడా పడేసింది. పట్నంలో పెద్ద ఆసుపత్రిలో వైద్యం జరిగింది, ప్రాణం నిలిచింది. నరాలు మెల్లగా కోలుకుంటాయి, ఇక మిషన్ మాన్పించడమే మిగిలింది, అది దగ్గరలోనే చేయించుకోండి అని మా దగ్గరికి పంపారు. గొంతు కింద రంధ్రం చేసి గొట్టం పెట్టారు, ఆ గొట్టానికి మిషన్. గాలి గొంతు దాకా రాదు కాబట్టి మాట లేదు. మనసు మాత్రం అద్దంలా ఉంది. అన్నీ వింటాడు, అన్నీ తెలుసు. అవునంటే కళ్లు మూస్తాడు, కాదంటే మూయడు. మేం అడిగిన ప్రశ్నలకే ఆయన జవాబు చెప్పగలడు. అడగనివి ఆయన లోపలే ఉండిపోతాయి. దీన్ని గుర్తుపెట్టుకోండి, కథంతా దీని మీదే నడుస్తుంది.

ఆయన భార్య రోజూ నాలాగే తాండూరు నుంచి రైల్లో వచ్చేది. వచ్చిన మొదటి రోజే, నేను మిషన్ గురించి చెబుతుంటే ఒకటే మాట అడిగింది.

“మాట వస్తదా మేడం?”

ముందు ఊపిరి రానీ చెల్లె, మాట సంగతి తర్వాత అన్నాను. ఆమె సరేనంది గానీ, మర్నాడు మళ్లీ అదే అడిగింది. ఊపిరి గురించి ఒక్కసారి కూడా అడగలేదు.

మా నర్సు ఒకామె ఉండేది, దౌల్తాబాద్ దిక్కు పిల్ల, నోరూ మంచిది మనసూ మంచిది. ఆమె భార్యను మాటల్లో పెట్టి, ఇంతకూ మీ ఆయన ఏం చేస్తడక్కా అని అడిగింది. పాట పాడుతడు అని ఆమె జవాబు. ఆయన గొంతు తాండూర్ల అందరికి ఎరుకేనంది. అంతే, ఆ మాట వార్డంతా పాకింది. అయ్యో, పాటగాడి గొంతుకే రంధ్రం పడిందే అని అందరం జాలిపడ్డాం. ఐసీయూ చూసుకునే డాక్టరుకు ముప్పై ఏళ్లు నిండి ఉండవు, కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడు. సంగీతం వినిపిస్తే రోగులు త్వరగా కోలుకుంటారట మేడం, రోజూ వినిపిద్దాం అని ఉత్సాహపడ్డాడు. నర్సు ఫోన్ నిండా పాటలే. పొద్దున భక్తి పాటలు, మధ్యాహ్నం పాత సినిమా పాటలు, సాయంత్రం విషాద గీతాలు. నేనూ తక్కువ తినలేదు, నాకిష్టమైనవి అడిగి మరీ పెట్టించాను. ఒకరోజు పాట నడుస్తుండగా ఆయన కళ్ల నుంచి నీళ్లు కారాయి. చూడండి ఎలా కరిగిపోతున్నారో అన్నాడు డాక్టరు. నర్సు కూడా కళ్లు తుడుచుకుని సౌండ్ ఇంకొంచెం పెంచింది.

ఆ రోజుల్లోనే మొదటిసారి మిషన్ తీసి చూశాం. నిమిషాల్లోనే రొప్పాడు, మళ్లీ తగిలించాం. కొన్ని రోజులు ఆగి రెండోసారి చూశాం. ఈసారి ఇంకొంచెం నిలిచాడు గానీ చివర్లో ముఖం నల్లబడింది, మళ్లీ మిషనే. అప్పటికి చేతుల్లో కాస్త బలం వచ్చింది, మంచం పక్క కడ్డీని పట్టుకోగలుగుతున్నాడు. లెక్క ప్రకారం ఊపిరి కండరాలూ లేవాలి. లేవకపోతే ఏమిటన్నది డాక్టరు భార్యకు దాచకుండా చెప్పాడు. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని దానితోనే బతకాలి, మాట మీద ఆశ వదులుకోవాలి. ఆమె తల వంచుకుని విన్నది. కందుల సీజన్ దగ్గరికొచ్చింది, ఆయన జాగల వేరేటోన్ని పెడుతరేమో అని మెల్లగా అంది. కందులకూ పాటకూ సంబంధమేమిటో నాకు అర్థం కాలేదు. బాధలో ఉన్న మనిషి ఏదో అంటున్నది అనుకున్నాను, అడగలేదు.

తర్వాతి ప్రయత్నానికి అన్నీ సిద్ధం చేసుకున్నాం. ఆయన నిద్ర సరిగా పోయాడు, కఫం లేదు, మిషన్ మీది అంకెలు బాగున్నాయి. డాక్టరు మంచం దగ్గరికి వచ్చి, భుజం తట్టి, ధైర్యం చెప్తున్నాననుకుని ఇలా అన్నాడు.

“బాబాయ్, ఇది మూడోసారి. ఈసారితో అయిపోవాలి, సరేనా?”

ఆయన కళ్లు పెద్దవయ్యాయి. కడ్డీని గట్టిగా పట్టుకున్నాడు. తల అటూ ఇటూ ఊపుతున్నాడు, గుండె వేగం ఎక్కడికో పోయింది, నుదుటిమీద చెమట. నేను మిషన్ మీద ఇంకా చెయ్యి కూడా వేయలేదు. అది తగిలించే ఉంది, ఊపిరి నిండుగా పోస్తూనే ఉంది. అంటే లోపం ఊపిరితిత్తుల్లో లేదు, కండరాల్లో లేదు. ఆయన దేనికో భయపడ్డాడు. ఇవాళ వద్దు సార్ అన్నాను. డాక్టరు విసుక్కున్నాడు. అన్నీ బాగున్నప్పుడు ఆపడమేమిటి, పేషెంటు రేపు మాత్రం భయపడడా అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ భయపడ్డ మనిషిని మిషన్ నుంచి తీయడమంటే ఈత రానివాణ్ణి తోసి నేర్పడం లాంటిది, నేను ఒప్పుకోలేదు. నర్సు మధ్యలో కల్పించుకుంది. మూడు అంటే మూడుతదని భయమేమో సార్, మా దిక్కు మూడు మంచిది కాదంటరు అంది. డాక్టరు ఒక్క క్షణం ఆలోచించి, పోనీ అయితే రేపు దీన్ని నాలుగోసారి అందాం అన్నాడు. చదువుకున్నవాళ్లం ముగ్గురం కలిసి తీసిన పరిష్కారం అది.

ఆ సాయంత్రం రైల్లో ఆయన భార్యా నేనూ ఎదురెదురుగా కూర్చున్నాం. ఆమె కిటికీ నుంచి నావైపు తిరిగి మెల్లగా అడిగింది.

“మేడం, ఏమనుకోకుర్రి. గా పాటలు జర బంద్ చేపియ్యరా? ఆయనకు పాటలు గిట్టయి. ఇంట్ల రేడియో పెట్టినా కొట్లాడుతడు.”

నేను తెల్లబోయాను. పాటగాడన్నావు కదా చెల్లె అంటే ఆమె అంతకన్నా తెల్లబోయింది. ఆమె ఏదో చెప్పబోతుండగా, పక్క వరస నుంచి ఒక పెద్దమనిషి లేచి వచ్చాడు. తాండూరు గంజ్‌లో, అంటే ధాన్యం మార్కెట్‌లో, గోనె సంచుల వ్యాపారం చేసే సాయిబు. ఆమెను గుర్తుపట్టి, బహెన్, పాటాయన ఎట్లున్నడు, ఆయన లేక గంజ్ సప్పగైంది అన్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. ఆయన పాడేది వేలంపాట. రైతులు కందులు తెచ్చి కుప్పలు పోస్తే, కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణం తరఫున కుప్ప పక్కన నిలబడి, వ్యాపారుల మధ్య ధర పిలిచే మనిషి. హర్రాజు పాట. తాండూరులో పుట్టి పెరిగి, ఏటా అక్కడి కందిపప్పే వండుకు తినే నేను, పాట అనగానే సినిమా పాట అనుకున్నాను. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. కదలలేని మనిషికి చెవి దగ్గర ఫోన్ పెట్టి రోజుల తరబడి విషాద గీతాలు వినిపించాం. కళ్ల నీళ్లు కారాయంటే కారవూ మరి.

ఆ ఊపులోనే పొద్దున జరిగింది కూడా ఆమెకు చెప్పాను. మూడు అంటే మీ ఆయనకు పట్టింపా అని అడిగాను. డాక్టరు అన్న మాటను ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె లేదంది. సంచుల సాయిబు మాత్రం నవ్వబోయి ఆగిపోయాడు. నిలబడ్డవాడల్లా నా పక్కన కూర్చున్నాడు.

“పాటోనికి గా మాట చెప్తరా మేడం? ఒకటోసారి, రెండోసారి అన్నంతసేపే పాట. మూడోసారి అన్నడంటే మాల్ పోయినట్టే. ఇగ ఎవ్వడు ఎంత పెంచినా వాపస్ రాదు. ఆయన నోటితోని ఎన్ని కుప్పలు సాగదోలిండో. ఇప్పుడు మీరు ఆయన్నే కుప్ప పోసి మూడోసారి అంటిరి. పరేషాన్ గాడా?”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆయన మంచం పక్కన కూర్చుని, తమ్మీ, నువ్వు గంజ్‌ల పాట పాడుతవట గదా అని అడిగాను. కళ్లు మూశాడు, తెరిచాడు. ఈ సినిమా పాటలు బంద్ చేయిద్దునా అని అడిగాను. కళ్లు గట్టిగా బిగించి మూశాడు, ఎంతసేపటికీ తెరవలేదు. నా ఉద్యోగంలో అంత పెద్ద అవును నేనెప్పుడూ చూడలేదు. నర్సు సిగ్గుతో ఫోన్ తీసి జేబులో పెట్టుకుంది. డాక్టరు మొదట పడీపడీ నవ్వాడు. మూడోసారి సంగతి చెప్పేసరికి నవ్వు ఆగిపోయింది. మంచం దగ్గరికి వెళ్లి, బాబాయ్, ఇక్కడ లెక్కలేమీ లేవు, ఎన్నిసార్లైనా చూద్దాం అని మెల్లగా చెప్పాడు. అప్పటినుంచి ఆ పిల్లవాడంటే నాకు గౌరవం పెరిగింది.

భయం ఎక్కడిదో తెలిసింది, బాగానే ఉంది. దాన్ని తీసేయడమెలా? నేను పెద్దగా ఆలోచించలేదు. మధ్యాహ్నం చూడ్డానికి వదిలే టైముకు భార్య లోపలికి రాగానే ఆమెను మంచం తలాపున నిలబెట్టాను. మిషన్ తీశాను. తీస్తూనే, గొంతు సవరించుకుని, నేనే పాట మొదలుపెట్టాను. ఇదిగో కందులు, మంచి కందులు, ఎవరు పాడతారో పాడండి, ఒకటోసారి అన్నాను.

ఆయన నావైపు చూశాడు. ఏదో కుళ్లిన వాసన వచ్చినట్టు ముఖం ముడుచుకుపోయింది. ఇన్నాళ్లూ పడిపోయి ఉన్న పెదవులు మొదటిసారి కదిలాయి. మాట లేదు గదా, భార్య వంగి పెదవులు చదివింది. గట్ల కాదట మేడం, ముందు మాల్ చూపియ్యాలెనట అంది. సరే, దోసిట్లో పోసుకుని చూపిస్తున్నట్టు చేతులు చాచాను. ధర ఎవరు మొదలుపెట్టిన్రు అని అడుగుతుండు అంది. డాక్టరు మంచం కాళ్ల దగ్గర నిలబడి చెయ్యెత్తాడు. నర్సు పక్క మంచం రోగికి ఇంజెక్షన్ ఇచ్చి వచ్చి, నేను సార్ కంటే పెంచుతున్న అంది. నేను ఒకటోసారి, రెండోసారి అనడం, అక్కడ ఆగడం, ఎవరో ఒకరు పెంచడం. మళ్లీ మొదటి నుంచి. ప్రతిదానికీ ఆయన ముఖం చిట్లించుకోవడం, పెదవులతో నన్ను దిద్దడం. రాగం తప్పట. తొందరట. రెండోసారి అన్నాక వ్యాపారుల మొహాలు చూడాలట, గోడవైపు చూడకూడదట. నాకు మధ్యలో నిజంగానే కోపం వచ్చింది. ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్నదాన్ని, నాకు తప్పులు పట్టినవాళ్లు తక్కువ.

ఒక కన్ను మాత్రం అంకెల మీదే ఉంచాను. ఊపిరి నిదానంగా నడుస్తోంది. గుండె వేగం పెరగలేదు. రెండోసారి ప్రయత్నంలో ఎక్కడ ఓడిపోయాడో ఆ గడువు దాటిపోయింది, ఆయన గమనించలేదు. నా పాట ఎంత చెడ్డగా ఉందో చూసుకోవడంలో భయపడటం మర్చిపోయాడు. బాగా అలసిపోకముందే, పాట ఇయ్యాల్టికి బంద్, మిగిలిన కుప్పలు రేపు అని చెప్పి మిషన్ తగిలించాను. మా పనిలో ఇది పిల్లలు నేర్చుకోవాల్సిన సంగతి. మనిషి ఓడిపోయాక ఆపకూడదు, ఓడిపోకముందే ఆపాలి. లేకపోతే రేపు ఆ ఓటమితోనే మొదలుపెడతాడు.

అలా రోజూ జరిగింది. రోజూ ఇంకొంచెం సేపు. ఐసీయూలో వేలంపాటేమిటని పైవాళ్లు ఒకసారి పిలిచి అడిగారు కూడా. ఇది కొత్త పద్ధతి అని డాక్టరు తడుముకోకుండా జవాబిచ్చి నన్ను కాపాడాడు. నేను రెండోసారి దగ్గరే ఆపేదాన్ని. మూడోసారి అన్న మాట ఆ గదిలో ఎవరూ అనలేదు. చివరికి పగలంతా, తర్వాత రాత్రంతా, ఆయన మిషన్ లేకుండా ఉన్నాడు.

నా పాట వల్లే ఊపిరి వచ్చిందని నేను చెప్పను. అలా చెప్తే అది నిజంగానే గాలి మాట అవుతుంది. నరాలు ఎలాగూ కోలుకుంటున్నాయి, పట్నంలో ఇచ్చిన మందు పనిచేసింది. డాక్టరు కూడా ఇదే అంటాడు, నేను కాదనను. కాకపోతే భయం ఊపిరిని తినేస్తుంది. కోలుకున్న కండరాలు కూడా భయం ముందు పనిచేయవు. ఆ భయం ఎక్కడిదో మిషన్ చెప్పదు, ఎక్స్‌రే చెప్పదు. కందుల సీజన్ అని ఆమె అన్నరోజు నేను ఆగి, ఏం కందులు చెల్లె అని అడిగి ఉంటే, ముందే తెలిసేది.

ఇక మాట సంగతి. మిషన్ పూర్తిగా మానాక, గొంతు గొట్టానికి ఒక చిన్న మూత పెడతాం. అది గాలిని లోపలికి పోనిస్తుంది గానీ బయటికి రానివ్వదు. అప్పుడు గాలి వేరే దారి లేక గొంతు మీదుగా నోట్లోంచి రావాలి. గొంతు బాగుంటే మాట వస్తుంది. బాగోకపోతే రాదు, వచ్చినా గుసగుసలా వస్తుంది. చాలా వారాలుగా పలకని గొంతు అది, ఎవరికీ భరోసా లేదు. ఆ పొద్దున డాక్టరు, నర్సు, నేను, తలాపున భార్య. ఆమె మంచం కడ్డీ పట్టుకుని నిలబడింది. ముందు రోజు రైల్లో ఆమె నాతో ఒక మాట అంది. ఊపిరి వచ్చి మాట రాకపోతే, ఆయన ఇంట్ల కూసోని గంజ్ దిక్కు చూసుకుంట సచ్చిపోతడు మేడం అని. ఎన్నో వందల గొట్టాలు చూసిన నేనే, ఆ మూతను రెండుసార్లు తుడిచి చూసుకుని పెట్టాను.

మొదట బుస్సుమని గాలి. తర్వాత దగ్గు. దగ్గుకు శబ్దం ఉంది, అది మంచి గుర్తు. కాస్త ఆగి, పేరు చెప్పు తమ్మీ అన్నాను. అందరం అదే అడుగుతాం. ఆయన పేరు చెప్పలేదు. భార్యను పిలవలేదు. నావైపు చూసి, ఒక్కో ముక్కకు ఊపిరి కూడదీసుకుంటూ, గరగరలాడే గొంతుతో అన్నాడు.

“మేడం... నీ పాటకు... పుచ్చు కందులు గూడ పోవు.”

డాక్టరు గోడవైపు తిరిగి నవ్వాడు. నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. ఆయన భార్య కడ్డీ వదిలి అక్కడే నేలమీద కూలబడి, నవ్వుతూనే వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు ఎంత సంతోషం కలిగిందో నేను ఇక్కడ రాయలేను. నా బిడ్డ పుట్టిన రోజు తర్వాత అంత సంతోషం ఆ రోజే.

ఆయన నడక నేర్చుకుని ఇంటికి వెళ్లేనాటికి కందుల సీజన్ అయిపోయింది. ఆ ఎండాకాలం నేనూ కొలువు దిగాను. నాకు శాలువా కప్పారు, డాక్టరు నాలుగు మంచి మాటలు చెప్పాడు, నర్సు ఫోన్‌లో పాట పెట్టింది. ఇంటికొచ్చి కొన్నాళ్లు ఏం తోచలేదు. రైలు టైముకు లేచి కూర్చునేదాన్ని.

మళ్లీ చలికాలం వచ్చాక, ఏడాదికి సరిపడా కందులు కొందామని గంజ్‌కు వెళ్లాను. నిజానికి కందులు కొట్లోనూ దొరుకుతాయి. ఎక్కడ చూసినా ఎర్రటి కుప్పలు, దుమ్ము, కాంటాల చప్పుడు, హమాలీల కేకలు. అడ్తిదారు ఆయన్ను వదులుకోలేదట. పాత గొంతు లేదని పెద్ద కుప్పలు వేరేవాళ్లకు ఇచ్చి, చిన్న రైతుల కుప్పలు ఆయనకు పెట్టాడట. వెతుక్కుంటూ ఆ మూలకు వెళ్లాను. ఒక దౌల్తాబాద్ రైతమ్మ తన కుప్ప పక్కన నిలబడి ఉంది. ఇక్కడ ఎందుకు నిలబడ్డావు, పెద్ద పాట అటు గదా నడుస్తున్నది అని అడిగాను.

“అటు పోను. గీయన పాటకే పెట్టుమన్న” అంది ఆమె. “రెండోసారి అన్నంక గీయన మస్తు సేపు ఆగుతడు. గా ఆగిన కాడ ఎవడో ఒగడు పెంచుతడు.”

వ్యాపారులు దానికి సణుగుతారట. తొందరగా తెంపెయ్యమంటారట. తెంపడం రాక కాదు, ఆయన ఊపిరికి అక్కడ ఆగాల్సిందేనని నాకు తెలుసు. గుంపు వెనక నిలబడి తొంగిచూశాను. గొంతు దగ్గర గొట్టం మచ్చ, మీద రుమాలు. ముందు దోసిట్లో కందులు పోసుకుని అందరికీ చూపించాడు. నేను చూపించకుండా మొదలుపెట్టానని ఆ రోజు దిద్దింది దీన్నే. ధర పెరిగింది, ఒకటోసారి అన్నాడు. గొంతు గరుకుగా ఉంది గానీ కుప్ప అవతలి దాకా వినిపిస్తోంది. రెండోసారి అన్నాడు. అని, చుట్టూ ఒక్కొక్కరి ముఖమే చూస్తూ వచ్చి, వెనకనున్న నన్ను చూశాడు.

ఆగాడు. నా చూపు ఆయన ముఖం మీద లేదు. అలవాటు కొద్దీ ఛాతీ మీదికి పోయింది. అది మెల్లగా, నిండుగా లేచింది. రైతమ్మ పక్కన ఊపిరి బిగబట్టి నిలబడింది. ఒక వ్యాపారి, ఇగ అనరాదే అని గదమాయించాడు.

ఆయన అనలేదు. ఇంకొంచెం ఊపిరి తీసుకున్నాడు. గుంపులో ఎవరో చెయ్యెత్తారు.